కదలని మనుషుల వార్డులో

సైకియాట్రీ వార్డులో పోస్టింగ్ పడిందంటే మా నర్సుల్లో చాలామంది మొహాలు మాడిపోయేవి. కేకలు వేసేవాళ్ళు, మీదికొచ్చేవాళ్ళు, రాత్రంతా పాటలు పాడేవాళ్ళు, వీళ్ళతో ఎలా వేగడం అని టెన్షన్. నాకూ అదే టెన్షన్. తీరా వెళ్ళాక, కేకలు వేసేవాళ్ళకి తొందరగానే అలవాటు పడిపోయాను. కేక వేసేవాడు కనీసం తనకేం కావాలో చెబుతున్నాడు. నాకు చెమటలు పట్టించింది మాత్రం చిన్న చప్పుడైనా చెయ్యనివాళ్ళు.

అలాంటి వాళ్ళలో నేను మొదట చూసింది కాలేజీ వయసు కుర్రాడిని. వెల్లకిలా పడుకుని ఉన్నాడు గానీ తల దిండుకి ఆనలేదు. మధ్యలో నాలుగు వేళ్ళు దూరేంత సందు. ఇప్పుడే లేవబోతున్నాడేమో అనుకుని నా పని నేను చూసుకుని వచ్చాను. మందుల ట్రాలీ వార్డంతా తిరిగొచ్చినా తల అక్కడే ఉంది. మనం ఎవరమైనా అలా తల లేపి పట్టుకుంటే కాసేపటికే మెడ పీకేస్తుంది, దవడ వణుకుతుంది. ఆ అబ్బాయి మొహంలో కష్టపడుతున్న జాడే లేదు. హెడ్ సిస్టర్ వచ్చి దిండు లాగేసి చూపించారు. దిండు పోయినా తల గాల్లో అలాగే నిలబడి ఉంది. డాక్టర్లు దీన్ని సైకలాజికల్ పిల్లో అంటారు, అంటే కంటికి కనబడని దిండు మీద పడుకున్నాడన్నమాట.

తర్వాత ఆవిడ అతని మణికట్టు పట్టుకుని చెయ్యి నెమ్మదిగా పైకెత్తి వదిలేశారు. చెయ్యి దిగలేదు. మోచెయ్యి దగ్గర కాస్త వంచితే ఆ వంపులోనే ఆగింది. కొంచెం గట్టిగా, కానీ విరిగిపోకుండా, మైనం వంగినట్టు వంగింది. "నువ్వు చెయ్యి పట్టుకుని చూడు అమ్మాయ్, పుస్తకంలో చదివితే అర్థం కాదు" అన్నారు. పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నాడి మామూలుగానే కొట్టుకుంటోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప ఎప్పుడో గానీ పడటం లేదు. నేను మొహం మీదికి వంగినా ఆ చూపు నన్ను దాటుకుని ఎటో పోతోంది.

పెట్టిన భంగిమలో అలా ఉండిపోవడాన్ని కాటలెప్సీ అంటారు. దానికి తోడు మాట లేకపోవడం, కదలకపోవడం, తిండీ నీళ్ళూ నిరాకరించడం, కదిలించబోతే ఎదురు బిగుసుకోవడం, ఎదుటివాళ్ళ మాటనో చేష్టనో చిలకలా తిప్పి చెయ్యడం, ఇలాంటివి కొన్ని కలిస్తే కాటటోనియా. నేను పనిచేసిన రోజుల్లో ఇదంతా డాక్టర్ల అనుభవం మీద నడిచేది. 2013లో వచ్చిన డీఎస్ఎం 5, అంటే మానసిక జబ్బుల్ని గుర్తుపట్టడానికి అమెరికా సైకియాట్రిస్టులు వేసిన పుస్తకం, ఇలాంటి 12 లక్షణాలు చెప్పి, వాటిలో కనీసం మూడు ఉండాలంది. అయితే వార్డులో రాత్రిపూట ఒంటరిగా ఉన్న నర్సుకి ఆ లెక్క పెద్దగా పనికిరాదు. అక్కడ ఒకటే ప్రశ్న ఉంటుంది, ఈ మనిషి ఉన్నాడా లేడా అని.

నవ్వుకోకండి. నైట్ డ్యూటీలో ఆయా పరుగెత్తుకుంటూ వచ్చి "సిస్టర్, ఆ చివరి మంచం ఆయన పోయాడేమో చూడండి" అనడం మాకు మామూలే. టార్చి వేసి చూస్తే నిజంగానే గుండె జారిపోయేది. ఛాతీ లేస్తోందో లేదో తెలియదు. పిలిస్తే పలకడు. గిచ్చినా చలనం లేదు. అప్పుడు నాడి వెతుక్కునే ఆ కాస్త సేపూ మన గుండె చప్పుడు మన చెవుల్లోనే వినపడుతుంటుంది గనక, ఏది ఎవరి నాడో కూడా సరిగ్గా తెలియదు.

ఒకసారి క్యాజువాలిటీకి ఒకావిడని తీసుకొచ్చారు. ఇంట్లోవాళ్ళు అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్నారు. కొన్ని వారాలుగా దిగులుగా ఉంటూ, మాట తగ్గించి, తిండి మానేసి, చివరికి ఒళ్ళంతా బిగుసుకుపోయి కళ్ళు మూసేసిందట. ఒంట్లో నీరు లేక నాలుక ఎండిపోయింది. బీపీ ఓ పట్టాన అందలేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది. కాళ్ళు చేతులు కొయ్యబారి ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఒకాయన "ఇంకెందుకండీ, ఆవిడ్ని ప్రశాంతంగా ఉండనివ్వండి" అన్నాడు కూడా.

మా చీఫ్ గారు వచ్చారు. కేసు షీటు అందిస్తే పక్కన పెట్టేశారు. ముందు గుండె విన్నారు, ఈసీజీ తీయించారు, షుగర్ చూడమన్నారు. తర్వాత ఆవిడ పైరెప్పని బొటనవేలితో మెల్లగా ఎత్తబోయారు. రెప్ప ఎదురు తిరిగింది. ఆయన ఎత్తే కొద్దీ ఆవిడ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంటోంది. చీఫ్ గారు మావైపు తిరిగి, "పోయినవాళ్ళు ఇంత పట్టుదల పట్టరమ్మా, సెలైన్ పెట్టండి" అన్నారు.

ఆ తర్వాత కారిడార్‌లో నడుస్తూ నడుస్తూనే మాకు పాఠం చెప్పారు. శవం బిగుసుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ముందు రెప్పలు, దవడ, మెడ పట్టేస్తాయి, తర్వాత కాళ్ళు చేతులు. సుమారు పన్నెండు గంటలకి ఒళ్ళంతా బిగుస్తుంది, ఆ మీదట ఒకటి రెండు రోజుల్లో ఆ బిగువంతా వదిలేస్తుంది. ఈలోపు ఒళ్ళు చల్లబడుతుంది, కిందివైపు చర్మం రంగు మారుతుంది. కాటటోనియాలో బిగువు ఎంత ఉన్నా ఒళ్ళు వెచ్చగానే ఉంటుంది, వెలుగు పడితే కంటిపాప చిన్నదవుతుంది, ఈసీజీలో గీత కదులుతుంది. కళ్ళతో చూసి నిర్ణయించకండి, చేత్తో పట్టుకుని, చెవితో విని నిర్ణయించండి అనేవారు.

ఆయనకి చరిత్ర పిచ్చి. బతికుండగానే పూడ్చేస్తారేమో అన్న భయం ఒకప్పుడు యూరప్‌ని ఎంత ఊపేసిందో ఆయన చెబుతుంటే డ్యూటీ అయిపోయినా ఇళ్ళకి వెళ్ళేవాళ్ళం కాదు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ 1799 డిసెంబరులో చనిపోయే ముందు, తన శరీరాన్ని మూడు రోజులు గడవకుండా సమాధిలో పెట్టొద్దని సెక్రటరీ దగ్గర మాట తీసుకున్నాడు. 18వ శతాబ్దం చివర్లో జర్మనీలోని వైమార్‌లో హూఫెలాండ్ అనే డాక్టరు చొరవతో, శవాలని కొన్నాళ్ళు ఉంచి కనిపెట్టి చూసే భవనం కట్టారు. తర్వాత మ్యూనిక్ లాంటి చోట్ల కూడా అలాంటివి నడిచాయి. శవం వేలికి తాడు కట్టి దాన్ని గంటకి తగిలించేవాళ్ళు, పక్క గదిలో కాపలావాడు రాత్రంతా ఆ గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. జార్ చక్రవర్తి కొలువులో పనిచేసిన కార్నిట్స్కీ అనే ప్రభువు 1897 ప్రాంతంలో ఏకంగా శవపేటికకే ఒక గొట్టం బిగించి, లోపల ఛాతీ కదిలితే పైన జెండా లేచి గంట మోగే యంత్రం చేయించాడు. చిక్కేమిటంటే, కుళ్ళేటప్పుడు శరీరం ఉబ్బి కాస్త కదిలినా అది మోగుతుంది. మా ఆయా ఈ కథ విన్న రాత్రి గంట అన్న మాట ఎత్తితేనే దండం పెట్టింది.

ఆ గందరగోళానికి అసలు మందు మాత్రం మా అందరి మెడలో వేలాడుతూనే ఉంది. లెనెక్ అనే డాక్టరు 1816లో స్టెతస్కోపు కనిపెట్టాడు. 1840లలో బూషూ అనే ఫ్రెంచి డాక్టరు, స్టెతస్కోపుతో కొన్ని నిమిషాల పాటు విని గుండె చప్పుడు లేదని తేలితేనే మరణం ఖాయం చెయ్యాలన్నాడు. ఇప్పుడు మనకి ఇందులో విశేషం ఏముందనిపిస్తుంది. ఆ రోజుల్లో చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు, కుళ్ళు మొదలైతే తప్ప నమ్మకం లేదన్నారు.

సరే, ఆవిడ సంగతికి వస్తాను. ప్రాణం ఉందని తేలాక ఆ ప్రాణాన్ని కాపాడే పనంతా నర్సుల మీద పడుతుంది. కదలకుండా ఉండటం మనిషికి ఎంత ప్రమాదమో ఆ వార్డులో పనిచేస్తే గానీ తెలియదు. ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేసి, అది పొట్టలోనే ఉందని రూఢి చేసుకుని, తలవైపు మంచం ఎత్తి, పల్చటి ఆహారం కొంచెం కొంచెంగా పొయ్యాలి. తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా చాలా రోజులు తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పోస్తే రక్తంలో లవణాలు తారుమారవుతాయి. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. నడుం కింద, మడమల దగ్గర, చెవి వెనక చర్మం ఎర్రబడిందేమో చూడాలి. చెవి వెనక చూడటం చాలామంది మర్చిపోతారు. ఒకే వైపు ఒత్తుకుని రోజుల తరబడి ఉంటే అక్కడా పుండు పడుతుంది. రెప్ప వెయ్యని కళ్ళు ఎండిపోకుండా చుక్కలు వెయ్యాలి, తడి గుడ్డతో పెదాలు తుడవాలి. మూత్రం బిగపట్టుకుపోతే పొత్తికడుపు గట్టిగా తగులుతుంది, కెథెటర్ వెయ్యాలి. పిక్కల మీద మాకు ప్రత్యేకంగా కన్నుండేది. ఒక పిక్క వాచినా, వేడిగా ఉన్నా డాక్టరుని లేపాల్సిందే, అది అర్ధరాత్రయినా సరే. కదలని కాళ్ళలో రక్తం గడ్డ కట్టి అది ఊపిరితిత్తులకి చేరితే, ఆ కేకలు వేసేవాళ్ళ కంటే ఈ మౌనంగా ఉన్నవాళ్ళే మన చేతుల్లోంచి జారిపోతారు. రోజూ కాళ్ళూ చేతులూ ఆడించడం కూడా మా పనే, లేకపోతే కీళ్ళు అలాగే పట్టేస్తాయి.

ఇవన్నీ చేస్తూ చేస్తూ మనుషులం కదా, కబుర్లు చెప్పుకుంటాం. మా హెడ్ సిస్టర్‌కి అది పడేది కాదు. "ఆవిడకి అన్నీ వినిపిస్తున్నాయి, మంచం దగ్గర నోరు జాగ్రత్త" అనేవారు. మేం తలాడించేవాళ్ళం గానీ, పిలిస్తే రెప్ప కూడా కదపని మనిషి వింటోందంటే లోపల ఎవరం నమ్మాం. మా ఆయా అసలే నమ్మలేదు. ఒళ్ళు తుడిచేటప్పుడు తన ఇంటి గొడవంతా ఆవిడ దగ్గరే వెళ్ళబోసుకునేది. ఎదురు చెప్పని శ్రోత దొరికింది మరి. ఆయా అత్తగారు అలిగి కూతురింటికి వెళ్ళిపోవడం, మొగుడు తననే తప్పుపట్టడం, ఇంకా మూడో మనిషికి చెప్పకూడనివి చాలా.

రక్త పరీక్షలు, తల స్కాను అయ్యాక చీఫ్ గారు లోరాజిపామ్ ఇచ్చి చూద్దామన్నారు. ఆ ఆంప్యూల్స్ ఫ్రిజ్‌లో ఉండాలి. మా వార్డు ఫ్రిజ్ తాళం చెవి ఎప్పుడూ ఎవరో ఒకరి జేబులో ఇంటికి వెళ్ళిపోయేది గనక దాని కోసం ముందు ఓ చిన్న యుద్ధం జరిగింది. రెండు మిల్లీగ్రాములు పలచన చేసి, నరంలోకి నెమ్మదిగా, ఊపిరి చూసుకుంటూ ఇచ్చాను. నిద్ర మాత్రల జాతి మందు అది. బిగుసుకుపోయిన మనిషికి నిద్ర మందు ఇస్తే ఇంకా పడుకోవాలి గదా అనుకుంటాం. అక్కడే ఉంది తమాషా.

ముందు భుజాలు జారాయి. బిగించుకుని ఉన్న పిడికిలి దానంతటదే విడిపోయింది, అరచేతిలో గోళ్ళు దిగిన నాలుగు గుర్తులు కనిపించాయి. గుటక వేసింది. కళ్ళు తెరిచి గదంతా చూసింది, ఎండిన గొంతుతో మంచినీళ్ళు అడిగింది. చీఫ్ గారు పేరు అడిగితే చెప్పింది. ఇంట్లోవాళ్ళు మళ్ళీ ఏడుపందుకున్నారు. ఆ సందట్లో ఆవిడ, కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆయాని గుర్తుపట్టి, "ఇంతకీ మీ అత్తగారు తిరిగొచ్చిందా?" అంది.

ఆయా మొహం చూడాల్సింది. ఆ రోజు నుంచి మా వార్డులో హెడ్ సిస్టర్ చెప్పాల్సిన అవసరం లేకుండానే మంచాల దగ్గర కబుర్లు ఆగిపోయాయి. పక్క తిప్పే ముందు "అమ్మా, ఎడం పక్కకి తిప్పుతున్నాం" అని చెప్పి తిప్పడం నాకు అప్పుడే అలవాటైంది.

నలుగురితో ఈ కథ చెబితే ఇంజక్షన్‌తో అంతా అయిపోయిందనుకుంటారు. అలా ఉండదు. కొన్ని గంటలకి మందు దిగిపోతే మనిషి మళ్ళీ కొయ్యబారిపోవచ్చు, ఆవిడా ఆ సాయంత్రం మళ్ళీ బిగుసుకుంది. రోజుకి మూడు నాలుగుసార్లు మందు నడవాలి, వెనకున్న అసలు జబ్బుకీ వైద్యం జరగాలి. ఆవిడ విషయంలో అది తీవ్రమైన డిప్రెషన్. ఇక్కడ నాకొక కోపం ఉంది. జర్మన్ డాక్టర్ కాల్‌బామ్ 1874లోనే కాటటోనియా గురించి పుస్తకం రాస్తూ, దిగులు, ఉద్రేకం, ఇలా రకరకాల మనోస్థితులతో కలిసి వచ్చే జబ్బని వివరంగా చెప్పాడు. తర్వాత క్రెపెలిన్ అనే మరో జర్మన్ డాక్టర్ దాన్ని తీసుకెళ్ళి ఇప్పుడు మనం స్కిజోఫ్రెనియా అంటున్నదానిలో కలిపేశాడు. ఆ లేబుల్ దాదాపు వందేళ్ళు వదల్లేదు. బిగుసుకున్న ప్రతి మనిషికీ స్కిజోఫ్రెనియా మందులే గుమ్మరించారు. ఆ మందుల్లో కొన్ని ఈ స్థితిలో ఇస్తే బిగువు ఇంకా పెరిగి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. మా వార్డులో కాటటోనియా మనిషికి జ్వరం వచ్చిందంటే, చెమటలు పడుతూ నాడి పరుగెడుతుందంటే, అందరూ నిద్ర మానేసేవాళ్ళు. 1934లో స్టౌడర్ అనే డాక్టరు ఈ రకానికి ప్రాణాంతక కాటటోనియా అని పేరే పెట్టాడు.

లోరాజిపామ్‌కి లొంగనివాళ్ళకి, ఆగే వ్యవధి లేనివాళ్ళకి ఈసీటీ ఇచ్చేవాళ్ళం. జనం కరెంటు షాకు అని వణికిపోయే వైద్యం. సినిమాల పుణ్యమా అని ఆ గది అంటే అరుపులూ, పెనుగులాటా గుర్తొస్తాయి అందరికీ. నేను నిలబడ్డ గదిలో మత్తు డాక్టరు ముందు నిద్రపుచ్చేవారు. కండరాలు వదులయ్యే మందు ఎక్కించే ముందు ఒక కాలి మడమ పైన బీపీ పట్టీ బిగించేవాళ్ళం, ఆ పాదంలోకి మందు చేరకుండా. కరెంటుతో తెప్పించే మూర్ఛ, అంటే ఫిట్స్, వచ్చినట్టు తెలిసేది ఆ ఒక్క పాదం కదలికలోనే. మిగతా ఒళ్ళంతా నిశ్చింతగా ఉండేది. మత్తు డాక్టరు గారు మాత్రం చాలా రోజులు మంచం పట్టిన రోగి అయితే పొటాషియం రిపోర్టు చూడకుండా సిరంజి ముట్టుకునేవారు కాదు. కదలని కండరాలకి ఆ వదులు చేసే మందు పడితే రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె లయ తప్పుతుందని ఆయన బెంగ. ఆయన బెంగ న్యాయమైనదే.

నా మటుకు నేను, ఈసీటీకి ఇంత చెడ్డపేరు రావడం అన్యాయం అంటాను. ఒకప్పుడు మత్తు లేకుండా, అడ్డగోలుగా వాడిన మాట నిజమే. మర్చిపోవడం లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. అయినా మూర్ఛ తెప్పించే వైద్యం పుట్టిందే కాటటోనియా మనిషి కోసం. 1934 జనవరిలో బుడాపెస్ట్‌లో మెదూనా అనే డాక్టరు, నాలుగేళ్ళుగా కదలకుండా పడున్న, ట్యూబుతో తిండి పెట్టాల్సిన రోగికి కర్పూరం ఇంజక్షన్‌తో మూర్ఛ తెప్పించాడు. కొన్నిసార్లు అలా చేశాక ఆ మనిషి మంచం దిగి, మాట్లాడి, తనిక్కడికి వచ్చి ఎన్నాళ్ళయిందని అడిగాడని మెదూనా రాసుకున్నాడు. మూర్ఛకీ స్కిజోఫ్రెనియాకీ పడదన్న ఆయన సిద్ధాంతం తర్వాత నిలబడలేదు, వైద్యం నిలబడింది. కర్పూరం బదులు కరెంటు వాడొచ్చని 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బినీ చూపించారు. మందుతో కాసేపు మేల్కొల్పడం అన్నది అంతకు ముందే ఉంది. 1930లో అమెరికాలో బ్లెక్‌వెన్ అమైటాల్ అనే మత్తు మందు ఇస్తే మాట్లాడని రోగులు మాట్లాడటం చూశాడు.

తల లేపుకుని పడుకున్న ఆ కుర్రాడికి లోరాజిపామ్ అంతగా పని చెయ్యలేదు, ఈసీటీతో లేచాడు. కోలుకున్నాక ఒకరోజు చీఫ్ గారు పక్కన కూర్చుని, అలా ఎందుకు ఉండిపోయావని అడిగారు. "నేను కదిలితే మా చెల్లికి ఏదో అయిపోతుందని తెలుసు సార్" అన్నాడు. అనిపించింది అనలేదు, తెలుసు అన్నాడు. రోజుల తరబడి దిండు లేకుండా తల నిలబెట్టి ఆ పిల్లాడు కాపలా కాశాడు. బయట నుంచి చూసిన మాకు రాయిలా కనిపించిన మనిషి లోపల అంత భయం. తర్వాత కోలుకున్న వాళ్ళు చాలామంది ఏదో ఒక రూపంలో భయం సంగతే చెప్పారు. కొందరికి ఏమీ గుర్తుండదు. ఇంకొందరు, కదలాలని ఎంత అనుకున్నా ఒళ్ళు మాట వినలేదు, అంతే అన్నారు. పులిని చూసిన జంతువు చచ్చినట్టు బిగుసుకుపోయే ప్రతిచర్యకీ దీనికీ చుట్టరికం ఉందని కొందరు శాస్త్రవేత్తలు అనడం చదివినప్పుడు నాకు వాడే గుర్తొచ్చాడు.

అందర్నీ ఒకే గాటన కట్టకూడదని కూడా ఆ వార్డే నేర్పింది. ఒకాయన్ని హిస్టీరియా అని రాసి మా దగ్గరికి పంపారు. నడుం, పొట్ట కండరాలు పలక బారిపోయి ఉన్నాయి. ట్రాలీ తలుపుకి తగిలి ఠపీమని చప్పుడైతే చాలు, ఒళ్ళంతా ఒక్కసారిగా పట్టేసి కింద పడేవాడు. కానీ మాట తేట, చూపు తేట, మధ్యలో జోకులు కూడా వేసేవాడు. చీఫ్ గారు రెండు రోజులు చూసి, ఇది మా జబ్బు కాదు అని న్యూరాలజీకి పంపారు. స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్. 1956లో మేయో క్లినిక్ డాక్టర్లు మోర్ష్, వోల్ట్‌మన్ మొదట వివరించిన అరుదైన జబ్బు. చాలామందిలో శరీరం తన మీద తానే యాంటీబాడీలు తయారు చేసుకోవడం కనిపిస్తుంది. 2022లో గాయని సెలీన్ డియోన్ తనకి ఇది ఉందని చెప్పాక గానీ ఈ పేరు జనానికి తెలియలేదు. చప్పుడుకి బిగుసుకునే మనిషిని నటిస్తున్నాడని అనుమానించడం ఎంత తేలికో అప్పుడు చూశాను.

ఇంకో అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. కొద్ది రోజుల్లోనే తికమక మాటలు, నిద్రలేమి, నోరు వంకర్లు తిప్పడం, ఫిట్స్, తర్వాత బిగుసుకుపోవడం. స్కానులో ఏమీ కనిపించలేదు. దయ్యం అన్నవాళ్ళు ఉన్నారు, నాటకం అన్నవాళ్ళూ ఉన్నారు. జబ్బుకి పేరు లేకుండానే ఐసీయూకి వెళ్ళింది, వెనక్కి రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత, 2007లో జోసెప్ దల్మావ్ బృందం మెదడు కణాల మీదుండే ఎన్ఎండీఏ రిసెప్టర్లని శరీరం తయారుచేసిన యాంటీబాడీలే దెబ్బతీయడం వల్ల వచ్చే మెదడువాపు గురించి ప్రచురించింది. ముఖ్యంగా యువతుల్లో, కొందరికి అండాశయంలో గడ్డతో పాటు వస్తుంది, ఆ గడ్డ తీసి, రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులిస్తే చాలామంది కోలుకుంటారు. ఆ లక్షణాల వరుస చదువుతుంటే నా కళ్ళ ముందు ఆ అమ్మాయి కేస్ షీటే కదిలింది. ఇప్పుడు మా వార్డులో అలాంటి లక్షణాలతో అమ్మాయి వస్తే ఆ పరీక్ష పంపకుండా ఎవరూ ఊరుకోరు.

మెదడువాపు అంటే చీఫ్ గారు మొదటి ప్రపంచ యుద్ధ కాలం నాటి కథ ఎత్తుకునేవారు. 1917లో వియన్నాలో ఫాన్ ఎకానమో అనే డాక్టరు వర్ణించిన నిద్ర మెదడువాపు ప్రపంచమంతా పాకింది. బతికి బయటపడ్డవాళ్ళలో కొందరు దశాబ్దాల పాటు విగ్రహాల్లా ఉండిపోయారు. 1969లో న్యూయార్క్‌లో ఆలివర్ శాక్స్ అనే డాక్టరు అలాంటి వాళ్ళకి ఎల్ డోపా అనే మందు ఇస్తే లేచారు, మాట్లాడారు. చాలామందికి ఆ మేలు ఎక్కువ కాలం నిలవలేదు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ చీఫ్ గారు చివరి భాగాన్ని తొందరగా దాటించేసేవారు.

నేను రిటైరయ్యే ఏడు పీజీ డాక్టర్ల చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో కాటటోనియా ఎంత ఉందో మార్కులు వేసి కొలిచే బుష్ ఫ్రాన్సిస్ స్కేలు ఉండేవి. 1996లో వచ్చింది అది, 23 అంశాలు, మొదటి 14 చూస్తే జబ్బు ఉందో లేదో పట్టుకోవచ్చు. అందులో ఒక పరీక్ష ఉంది, డాక్టరు చెయ్యి చాపుతూ నోటితో "నాతో చెయ్యి కలపొద్దు" అనాలి. రోగి చెయ్యి సగం లేచి, ఆగి, మళ్ళీ లేచి, ఎటూ తేల్చుకోలేక గాల్లో ఊగుతుంది. కొత్త పీజీలకి ఈ పరీక్ష చెయ్యడానికి భలే సిగ్గు, చుట్టూ బంధువులు చూస్తుంటారు గదా. నేనే పక్కన నిలబడి చేయించేదాన్ని.

వాళ్ళలో ఒక పీజీ, కాటటోనియా కేసు మొదటిసారి తన చేత్తో చూశాడు. ఓ పెద్దాయన, చాలా రోజులుగా మాటా పలుకూ లేదు. అబ్బాయి స్కేలు వేసి కేస్ షీట్‌లో 19 అని రాశాడు. ఇంజక్షన్ నేనిచ్చాను. తను పక్కనే వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు, నాకంటే ఎక్కువ టెన్షన్ పడుతూ. పది నిమిషాలు కాకుండానే పెద్దాయన కాళ్ళు ముడుచుకుని, సర్దుకుని, "ఏంటమ్మా ఇది" అని ముక్కులో ట్యూబు పట్టుకోబోయారు. స్కేలు మళ్ళీ వేస్తే 4. పీజీ పెన్ను అక్కడే పడేసి, మిగతా పీజీలని పిలవడానికి కారిడార్‌లో పరుగు అందుకున్నాడు, ఒక చెప్పు జారిపోయినా వెనక్కి చూడలేదు. పెద్దాయన తలుపు వైపు కాసేపు చూసి, నా వైపు తిరిగి అడిగారు: "ఆ అబ్బాయికి ఏమైందమ్మా, ఒంట్లో బాగోలేదా?"